కాగితం మీద అత్త

"ఈ కాన్పు గ్రిసెల్డా పేరు మీద కానిచ్చేద్దాం," అంది మా అత్తగారు, నేను మొక్కజొన్న పిండి ముద్దని రొట్టెల చెక్కలో పెట్టి నొక్కుతుంటే. కూరలో ఉప్పు చూడమన్నంత మామూలుగా అంది. నాకప్పుడు ఎనిమిదో నెల. కోళ్ళ ఫ్యాక్టరీలో ఎనిమిది గంటలు నిలబడి వచ్చాను. కాళ్ళు పొంగి బూట్లు ఊడి రాలేదు. అయినా రొట్టెలు నేనే చెయ్యాలి, ఎందుకంటే ఈ ఇంట్లో వేడి రొట్టె తినడం మగవాళ్ళ హక్కు, చెయ్యడం నా అదృష్టం.

ముందుగదిలో టీవీ మోగుతోంది. కాగితాలు లేని ఆడది ఇక్కడ బిడ్డని కంటే, ఆ బిడ్డ ఈ దేశపు బిడ్డ అవుతుందా అవదా అని నలుగురు మగాళ్ళు టైలు బిగించుకుని కొట్టుకుంటున్నారు. అవదని పైనుంచి ఉత్తర్వు వచ్చిందట, దాన్ని ఎక్కడో ఒక జడ్జి ఆపాడట, ఇంకా పెద్ద కోర్టు ఏదో తేల్చాలట. వాళ్ళలో ఒక్కడికీ కడుపు లేదు, ఒక్కడికీ వాంతులు లేవు. దేశం ఇంకా వాదించుకుంటూనే ఉంది. మా వంటింట్లో మాత్రం అత్తగారు తీర్పు చెప్పేసింది.

గ్రిసెల్డా నా ఆడపడుచు. మా ఆయన ఎఫ్రైన్ అవతల మెక్సికోలో పుట్టాడు. ఆరేళ్ళ తర్వాత అత్తగారు నిండు కడుపుతో సరిహద్దు దాటి, ఇక్కడ జార్జియాలో గ్రిసెల్డాని కంది. ఒకే కడుపు, ఇద్దరు పిల్లలు. ఒకడు పోలీసు కారు కనిపిస్తే సందులోకి తిరిగిపోతాడు, ఇంకొకతి అదే పోలీసుకి చెయ్యూపి పలకరిస్తుంది. అందుకే మా ఇంట్లో గ్రిసెల్డా మాటకి ఎదురు లేదు. నాకైతే మరీను. నేను ఫ్యాక్టరీలో చేరింది కూడా ఆవిడ కాగితాల మీదే.

మా ఊళ్ళో ఇది వింతేం కాదు. లైనులో నా పక్కన నిలబడి కోడి రొమ్ము ఎముక తీసే ముగ్గురిలో ఇద్దరివి అరువు పేర్లే. ఆరేళ్ళుగా నేను రోజుకి ఎనిమిది గంటలు గ్రిసెల్డాని. ఎంత అలవాటైందంటే, బజార్లో ఎవరైనా "హసింతా" అని నా సొంత పేరు పెట్టి పిలిస్తే ఒక్క క్షణం ఎవర్నో అనుకుంటాను. ఒకసారి, ఆ నెల ఉత్తమ కార్మికురాలినని నాకు ప్రశంసాపత్రం ఇచ్చారు. ఆ నెలంతా నా కుడి చెయ్యి మొద్దుబారి జుట్టు కూడా ముడేసుకోలేకపోయాను. ఆ పత్రాన్ని గ్రిసెల్డా చట్రం కట్టించి వాళ్ళ హాల్లో పెట్టుకుంది. "పేరు నాదే కదా వదినా," అని నవ్వింది.

"పెద్దది నయేలీకి నా పేరే రాశారు కదా అత్తయ్యా, దీనికి మాత్రం ఎందుకు?" అన్నాను ఆ రోజు.

"ఐదేళ్ళ కిందటి సంగతి ఎందుకే ఇప్పుడు? నీ పేరు రాస్తే ఈ బిడ్డ ఎక్కడిదీ కాకుండా పోతుంది. గ్రిసెల్డా పేరు రాస్తే దొరసానిలా బతుకుతుంది. నీకు బిడ్డ కావాలా, పేరు కావాలా?"

ఎఫ్రైన్ రొట్టె తుంచి కారంలో అద్దుకుంటూ అన్నాడు: "అమ్మ మన మంచికేగా చెప్పేది. ఒక్క సంతకమే కదే."

ఒక్క సంతకమే. ఆసుపత్రిలో గ్రిసెల్డా కార్డు చూపించాను. ఫోటో వైపు చూసి, నా వైపు చూసి, సరేనంది గుమాస్తా పిల్ల. మాలాంటి మొహాలన్నీ వాళ్ళకి ఒకటే. పద్నాలుగు గంటలు నొప్పులు పడ్డాను. "ముక్కమ్మా గ్రిసెల్డా, ఇంకొక్కసారి ముక్కు!" అని నర్సు అరిస్తే ముక్కాను. ఆ నొప్పిలో కూడా ఆ పేరుకే పలికాను చూడండి, అంత బాగా తర్ఫీదైపోయాను. ఆడపిల్ల. పలోమా అని పెట్టుకున్నాను మనసులో.

తండ్రి పేరు దగ్గరికి వచ్చేసరికి గానీ మావాళ్ళకి అసలు తిరకాసు తెలిసి రాలేదు. తల్లి గ్రిసెల్డా అని రాశాక తండ్రి ఎఫ్రైన్ అని ఎలా రాస్తారు? ఇద్దరూ తోబుట్టువులు! అత్తగారు అప్పటికప్పుడు శిలువ గుర్తు వేసుకుని, ఆ గడి ఖాళీగా వదిలేయమంది. ఇక చూడాలి ఎఫ్రైన్ బాధ. "నా రక్తం, నా పేరు లేకుండా!" అని ఆసుపత్రి వరండాలో గోడకి తల కొట్టుకున్నాడు. అత్తగారు వీపు నిమిరింది. గ్రిసెల్డా కాఫీ తెచ్చింది. చుట్టపక్కాలంతా వాడి దుఃఖం చూసి వాళ్ళూ కళ్ళు తుడుచుకున్నారు. కుట్లు వేయించుకుని పడుకున్న నా దగ్గరికి వచ్చి, పాపం నీ పేరు కూడా లేదు కదే అని అన్నవాళ్ళు ఒక్కరు లేరు. నాకు ఒళ్ళు మండిపోయింది. కానీ బాలింతని, లేచి ఎవర్ని కొట్టను?

ఇంటికి వచ్చాక ఒక్కో మెట్టూ దిగాను. పిల్లల డాక్టరు దగ్గరికి కాగితాల్లో ఉన్న తల్లే రావాలి కాబట్టి గ్రిసెల్డా తీసుకెళ్ళేది, నేను కారులో కూర్చునేదాన్ని. పిల్ల ఆకలికి ఏడుస్తూ బయటికొస్తే కారు వెనక సీట్లో, అద్దాలకి తువ్వాలు కట్టుకుని పాలిచ్చేదాన్ని. ఆ తర్వాత ఆవిడ డబ్బా పాలు కొంది. "నువ్వు పనికి పోవాలిగా వదినా, అలవాటు చెయ్యకపోతే ఎలా?" నిజమే, ఇరవయ్యో రోజునే పనికి పోయాను. గ్రిసెల్డా కన్నట్టు ఆసుపత్రిలో రాశారు గానీ, గ్రిసెల్డాకి కాన్పు సెలవు కావాలని ఫ్యాక్టరీలో అడిగితే, కాగితాలు తిరగేసి ఒకే పేరు మీద ఇద్దరున్నారని ఎక్కడ పట్టుకుంటారోనని అత్తగారు ఒప్పుకోలేదు. లైను మీద నిలబడితే పాలు పొంగి చొక్కా తడిసేది. పైన రబ్బరు కోటు కాబట్టి ఎవరికీ తెలిసేది కాదు.

గ్రిసెల్డా పలోమాని యాష్లీ అని పిలవడం మొదలుపెట్టింది. పిల్ల నిద్రపోయిందని ఒక రాత్రి, జలుబు చేసిందని మూడు రాత్రులు వాళ్ళింట్లోనే ఉంచుకుంది. గ్రిసెల్డాకి పిల్లల్లేరు. రెండు కడుపులు పోయాయి, మొగుడూ పోయాడు. జాలి పడాలని నాకూ తెలుసు. పడ్డాను కూడా. ఆ జాలే నా కొంప ముంచింది. నాలుగో నెల వచ్చేసరికి హ్యూస్టన్‌లో ఉద్యోగం దొరికిందని, యాష్లీని తీసుకెళ్తున్నానని, వచ్చే ఆదివారమే ప్రయాణమని చెప్పింది.

"తీసుకెళ్ళడమేంటి? అది నా పిల్ల!" అన్నాను.

"అరవకు వదినా, గోడలకి చెవులుంటాయి. కాగితంలో నా కూతురు నీ దగ్గరెందుకుందని ఎవరైనా అడిగితే ఏం చెప్తావ్?"

ఎఫ్రైన్ వైపు చూశాను. "ఏడాదో, రెండేళ్ళో. గొడవ సద్దుమణిగాక తెచ్చుకుందాంలే," అన్నాడు చెప్పులు వెతుక్కుంటూ.

ఆ ఆదివారం పూజ అయ్యాక చర్చి హాల్లో, మాలాంటివాళ్ళకి ఊరికే సలహా చెప్పే వకీలమ్మ కూర్చుంది. మా తల్లులందరి దగ్గరా ఈ మధ్య ఒక పత్రం ఉంటుంది. మమ్మల్ని పట్టుకుపోతే పిల్లల్ని ఎవరికి అప్పగించాలో రాసి సంతకం చేసిన పత్రం. టీకాల కార్డుతో పాటు సంచిలో పెట్టుకు తిరుగుతాం. నయేలీకి ఆ పత్రం రాయించాలి. పుచ్చుకునే మనిషికి కాగితాలుండాలి కాబట్టి గ్రిసెల్డా కూడా వచ్చింది, పలోమాని ఒళ్ళో పెట్టుకుని. బయట కారులో ఆవిడ సామాను సర్ది ఉంది. అంటే రేపు నన్ను పట్టుకెళ్తే పెద్దదీ ఆవిడకే.

"పిల్లలు ఇద్దరా?" అని అడిగింది వకీలమ్మ.

"ఒక్కతే అండీ," అన్నాడు ఎఫ్రైన్. "ఆ చిన్నది మా చెల్లెలి కూతురు."

"మీరేమవుతారమ్మా ఈ పాపకి?" అని నన్నే అడిగింది. బహుశా నేను పిల్ల వైపు చూస్తున్న చూపు చూసి ఉంటుంది.

"అత్త," అని మా ఆయనే చెప్పేశాడు. తను మేనమామ అయిపోయి, నన్ను అత్తని చేసేశాడు నా మొగుడు, కన్నకూతురికి.

"కాదు," అన్నాను. "నేను కన్నాను దీన్ని. ఆసుపత్రిలో తప్పు పేరు చెప్పాను. తల్లిని నేను."

అత్తగారు బల్ల కింద నా తొడ మీద నెత్తురొచ్చేలా గిల్లింది. పైకి మాత్రం తేనె పూసినట్టు నవ్వింది. "దీనికి ఈ మధ్య మతి సరిగ్గా లేదండీ. పాపం, చిన్నపిల్లని చూస్తే చాలు, ఇలాగే మాట్లాడుతుంది."

వకీలమ్మ కలం పక్కన పెట్టి ఎఫ్రైన్ వైపు తిరిగింది. "మీరు చెప్పండి బాబూ. ఈ పాపని కన్నదెవరు?"

వాడు వాళ్ళమ్మ మొహం చూశాడు. పేరు లేదని వరండాలో తల బాదుకున్న మనిషి, "నాకేం తెలీదండీ," అన్నాడు.

పిల్లని అందుకుందామని చేతులు చాపాను. పలోమా గ్రిసెల్డా మెడ పట్టుకుని నన్ను చూసి ఏడ్చింది.

వకీలమ్మ గొంతు తగ్గించి చెప్పింది. "అమ్మా, మీరు చెప్పేది నిజమే అయితే రక్త పరీక్షలో తేలుతుంది. పాపకి భయం లేదు. ఆ ఉత్తర్వు ఇంకా అమల్లోకి రాలేదు. ఇవాళ్టికి తల్లి ఎవరైనా ఇక్కడ పుట్టింది ఈ దేశపు పిల్లే."

"అంటే... నా పేరే రాయించినా?"

"రాయించినా అంతే."

గ్రిసెల్డా కళ్ళు దించుకుంది. ఆ మాట ఆవిడకి ముందే తెలుసని నాకు అప్పుడు అర్థమైంది.

"కానీ మీ సంగతి వేరు," అంది వకీలమ్మ. "వేరే మనిషి పేరు మీద కన్నానని, అదే పేరుతో ఉద్యోగం చేస్తుంటే అది కూడా, మీ నోటితో మీరే ఒప్పుకోవాలి. మిమ్మల్ని పంపేస్తారమ్మా. బాగా ఆలోచించుకోండి."

"పంపేస్తే నా పిల్లల్ని నాతో తీసుకెళ్ళనిస్తారా?"

"తల్లైతే తీసుకెళ్ళొచ్చు."

"అత్తనైతే?"

నేను కలం తీసి వకీలమ్మ చేతికిచ్చాను.

"రాయండమ్మా," అన్నాను. "పంపితే తల్లినే పంపమనండి."