మిషన్‌కు తెలియని చోటు

బియ్యం కడుగుతుండగా నీలమ్మ చెయ్యి మళ్ళీ నీళ్ళలోనే ఆగిపోయింది.

"ఏందే, మల్ల యాడికి పోయినవ్?" అని భర్త రాంచంద్ర అరిచేదాకా ఆమె ఇబ్రహీంపట్నంలోని ఆ వంటింట్లో లేదు. ఎక్కడుందో చెప్పమంటే ఆమెకు మాట రాదు. అక్కడ ఎండ పలచగా ఉంటుంది. చెరువు కట్ట పొడవునా ఉత్త చేతులతో నడుస్తుంటుంది, బిందె గానీ గంప గానీ ఉండదు, వెనక నుంచి ఎవరూ పిలవరు. ఇరవై రెండేళ్ళ కాపురంలో తనకంటూ మిగిలింది ఆ కాస్త చోటే. "దిమాక్ ఖరాబైంది, పరీక్ష చేపిస్త" అన్నాడు రాంచంద్ర. మెదడులోని కరెంటును గీతలుగా గీసే మిషన్ ఉందట. ఆ గీతల్లో తన చోటు దొరికిపోతుందనీ, డాక్టరు మాత్రలిచ్చి దాన్ని మూసేస్తాడనీ నీలమ్మకు గుబులు పట్టుకుంది.

తలకు నూనె రాయొద్దని దవాఖానలో మరీ మరీ చెప్పారు. అత్త ఇంద్రమ్మ వింటేనా! "ఎండిన నెత్తితోని పోతే కోడల్ని సూస్కుంటలేదని నన్నంటరు" అంటూ పొద్దున్నే గిన్నెడు నూనె మర్దించింది. కోడలికి అన్నం మిగిలిందో లేదో ఏనాడూ చూడని మనిషి! తీరా వెళితే తలకు వైర్లు అంటుకోలేదు.

"ఏం కాదక్కా, రా" అని పరీక్ష చేసే అమ్మాయి అంకిత ఆమెను నల్లా దగ్గర వంచి, షాంపూతో తానే తల కడిగింది. చెవుల వెనక, మెడ మీద వేళ్ళు మెల్లగా తిరుగుతుంటే నీలమ్మకు ఏడుపొచ్చింది. అమ్మ పోయాక ఇంకొకరు ఆమె తల కడగడం అదే మొదలు.

తల ఆరాక వైర్లు అంటించి అంకిత అంది, "ఇగ ఇరవై నిమిషాలు ఏ పని చెయ్యకు. కండ్లు మూస్కొని పండుకో."

పట్టపగలు ఏ పనీ చెయ్యొద్దని ఒకరు చెప్పడం! నీలమ్మ నింపాదిగా చెరువు కట్ట మీదికి వెళ్ళిపోయింది.

లేచాక భయం భయంగా అడిగింది. "నేను యాడికి పోయిన్నో కానొచ్చిందా?"

"లేదక్కా. మెదడు పని చేస్తున్నదని తెలుస్తది, గంతే. నువ్వేం తలుసుకుంటున్నవో మిషన్‌కేం ఎరుక?"

నీలమ్మ పక్కున నవ్వింది. డాక్టరు కాగితం చూసి జబ్బేమీ లేదు, మాత్రలు అక్కర్లేదన్నాడు.

ఇంటికి రాగానే రాంచంద్ర అందుకున్నాడు. "రోగం లేదు, నొప్పి లేదు. ఇన్నొద్దులు నాటకమేనా? పో, బువ్వ వండు."

నీలమ్మ బియ్యం గిన్నె తెచ్చి అతని ముందు పెట్టింది.

"నువ్వు కడుగు. ఇరవై నిమిషాలు నేను ఇంట్ల లేను" అని, నడింట్లో మంచం మీద వాలి కళ్ళు మూసుకుంది.