తిన్నని గీత కింద కొండ

నేను ఒక దారి చూపే ముల్లుని. చిన్న విమానంలో, పైలట్ కళ్ళకెదురుగా నల్లటి పలకలో, అరచేయంత గాజు వెనక అటూ ఇటూ ఊగుతూ బతికాను.

నేల మీద కొన్ని ఊళ్ళలో మాకోసమే రేడియో స్టేషన్లుంటాయి. అవి పాటలు పాడవు. 'నేనిక్కడున్నాను' అని మాత్రం అన్ని దిక్కులకూ చెబుతూ ఉంటాయి. ఒక స్టేషను నుంచి ఇంకో స్టేషనుకు ఆకాశంలో ఏర్పరచిన దారిని వాయుమార్గం అంటారు. మబ్బుల్లో ఏమీ కనబడనప్పుడు పైలట్ నన్ను చూసి ఆ దారి పట్టుకుంటాడు. నా పక్కన చిన్న బాణం ఉండేది. అది పైకి చూపితే స్టేషను ముందున్నట్టు, కిందికి చూపితే వెనకబడినట్టు. ఎంత దూరం నుంచి, ఎంత ఆశగా వెళ్ళినా స్టేషను నెత్తి మీదికి చేరామో లేదో బాణం కిందికి తిరిగిపోయేది. కలుసుకోవడమూ విడిపోవడమూ మాకు ఒకటే క్షణం. మనుషులు ఆ రెంటి మధ్యా కూర్చుని కాఫీ తాగుతారట. అదృష్టవంతులు.

అమెరికాలో ఒక కర్మాగారంలో పుట్టాను. భూతద్దం పెట్టుకుని నన్ను బిగించిన ఆవిడ ముఖం నేను చూసిన మొదటి ముఖం. ఆ సాయంత్రమే పెట్టెలో పెట్టి మూత వేశారు. తర్వాత ఒక శిక్షణ సంస్థ, ఆపైన ఒక సిమెంటు కంపెనీ. ఎవరూ పోతూ పోతూ నాకు చెప్పి పోలేదు. చివరికి భీమవరం వైపు రొయ్యల చెరువులున్న దంతులూరి రంగరాజుగారు మా నాలుగు సీట్ల విమానాన్ని కొని రాజమండ్రిలో ఉంచారు.

ఆయన మంచి పైలట్. మబ్బుల్లో పరికరాలు చూసి నడిపే పరీక్ష కూడా ప్యాసయ్యారు. స్టేషను అందగానే అది టిక్కుటిక్కుమని చెప్పే పేరు చెవులారా విన్నాకే నన్ను నమ్మేవారు. "నన్ను చూడ్డానికొచ్చినప్పుడు కూడా ఇంత విచారణ చెయ్యలేదు" అనేది ఆయన భార్య సుభద్రమ్మ.

అలాంటి మనిషి ఒకనాడు నా పైన జీపీఎస్ పెట్టించారు. అది ఉపగ్రహాలతో మాట్లాడుతుంది. ఊరి పేరు కొట్టి మీట నొక్కితే చాలు, ఉన్నచోటి నుంచి అక్కడికి తిన్నగా గులాబీ రంగు గీత పడుతుంది. మధ్యలో ఏ స్టేషనునూ కలవనక్కర్లేదు, దేన్నీ విడవనక్కర్లేదు. నాకు అసూయ పుట్టింది. రాజుగారు దాన్ని కొత్త అల్లుణ్ణి చూసినట్టు చూసుకున్నారు.

ఒక వానాకాలం ఉదయం భువనేశ్వర్ బయలుదేరాం. అక్కడ సుభద్రమ్మ అక్క కనకరత్నానికి మధ్యాహ్నం గుండె ఆపరేషను. అక్కాచెల్లెళ్ళకు మూడేళ్ళుగా మాటల్లేవు. ఒక పెళ్ళిలో ఎవరో పెట్టిన చీర ఆకుపచ్చదని ఒకరు, నీలమని ఒకరు. ఆమెను లోపలికి తీసుకుపోకముందే చేరాలని సుభద్రమ్మ రాత్రంతా నిద్రపోలేదు.

"విశాఖ మీదుగానేనాండీ?" అన్నాడు మెకానిక్ ఐజాక్.

"ఎందుకయ్యా ఆ వంకరంతా? తిన్నగా పోతే నాలుగు నిమిషాలు కలిసొస్తాయి."

"నాలుగు నిమిషాలకి ఏమొస్తాదండీ?"

"మా ఆవిడ అద్దం ముందు పోగొట్టినవి తిరిగొస్తాయి."

"నాకు వినబడుతోందండీ," అంది సుభద్రమ్మ. "ఎక్కువ ఎత్తుకి మాత్రం తీసుకెళ్ళొద్దు. పోయినసారి చెవులు పగిలిపోయాయి."

అందుకని అయిదువేల అడుగులు. సముద్రం ఒడ్డున పోయే పాత దారికి అది చాలిన ఎత్తే. ప్రతి వాయుమార్గానికీ ఇంతకంటే దిగొద్దని పటంలో ఒక అంకె అచ్చువేసి ఉంటుంది. తిన్నని గీతకు ఆ అంకె ఉండదు. దాని కింద ఏముందో పైలటే చూసుకోవాలి. రాజుగారు దారి మార్చారు, ఎత్తు మాత్రం పాత దారిదే ఉంచుకున్నారు. కొండల సంగతి మీరే చూసుకోవాలని రేడియోలో కంట్రోలరు అన్నాడు కూడా. రాజుగారు సరేనన్నారు. సరేననడం ఒకటి, చూడడం ఒకటి.

చుట్టూ తెల్లటి మబ్బు. అలవాటు కొద్దీ నన్ను విశాఖ స్టేషనుకే కలిపి ఉంచారు. ఉన్నట్టుండి ఆ పిలుపు తెగిపోయింది. నా గాజులో, సంకేతం అందడం లేదని చెప్పే ఎర్ర చీటీ పడింది.

"దీని పనైపోయింది," అని రాజుగారు నవ్వి గాజు మీద వేలితో కొట్టారు. రెండోసారి కొట్టబోయిన వేలు గాలిలోనే ఆగిపోయింది. మా సంకేతాలు వంగి రాలేవు. విశాఖ చూస్తే దగ్గరే ఉంది. ఇంత దగ్గర్నుంచి పిలుపు అందలేదంటే మధ్యలో ఏదో అడ్డం నిలబడింది. తూర్పు కనుమల్లో అడ్డం నిలబడేది ఏమిటో ఆయనకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఇంజను ఒక్కసారిగా గర్జించింది. విమానం ముక్కు పైకి లేచింది.

"ఏవండీ, చెవులు!"

"అరిచెయ్ సుభద్రా! గట్టిగా అరిస్తే నొప్పి తగ్గుద్ది."

"ఎందుకండీ ఎక్కిస్తున్నారు?"

"అరవమంటే ఎందుకంటావేంటి, అరిచెయ్!"

అప్పుడు మబ్బు చిరిగింది. రెక్క కిందే ఏటవాలు పోడు చేను, అందులో కలుపు తీస్తూ తలెత్తి చూస్తున్న ఒక మనిషి. ఆమె గాజులు ఎర్రవని సుభద్రమ్మ ఆ తర్వాత అందరికీ చెప్పింది. ఆ క్షణాన మాత్రం ఎవరూ చెప్పకుండానే అరిచింది.

కొండ దాటాక రాజుగారు సముద్రం వైపు తిప్పారు. విశాఖ మళ్ళీ పిలిచింది. నేను నడిమధ్యకు వచ్చాను. మిగుల్చుకోబోయిన నాలుగు నిమిషాలకు బదులు అరగంట పోయింది. సుభద్రమ్మ దారంతా చేతిగడియారం వైపు చూడనే లేదు.

మిగతాది తిరుగు ప్రయాణంలో వాళ్ళ మాటల్లో విన్నాను. ఆపరేషను చెయ్యాల్సిన డాక్టరుగారే ఇంకా రాలేదట. కనకరత్నం మంచం మీద కూర్చుని, "వచ్చావా? ఇప్పటికైనా చెప్పు, ఆ చీర ఏ రంగు?" అందట.

"ఆకుపచ్చే అక్కా," అందట సుభద్రమ్మ.

దానికి కనకరత్నం భయపడిపోయి, "నాకంత బాగాలేదని చెప్పారా ఏంటే?" అని ఏడ్చిందట. ఆపరేషను బాగానే అయింది. చీర మాత్రం నీలమేనని సుభద్రమ్మ తిరిగొస్తూ నాలుగుసార్లు అంది.

రాజుగారు ఆ రోజు నుంచి పాఠం నేర్చుకున్నారు. మనుషులు నేర్చుకునే పద్ధతిలో నేర్చుకున్నారు. కొండలను ఎర్రగా చూపించే పెద్ద తెర ఒకటి తెప్పించారు. దానికి చోటు చాలక నన్ను తీసేశారు.

"ఉండనివ్వకూడదూ? ఆ వేళ మనల్ని కాపాడింది," అంది సుభద్రమ్మ.

"కాపాళ్ళేదే, మూర్ఛపోయింది."

"మూర్ఛపోయేవాళ్ళు కూడా ఒకరుండాలండీ."

ఐజాక్ నా మరలు విప్పి, మెత్తటి గుడ్డతో తుడిచి, షెడ్డులో బల్ల మీద పెట్టాడు. మరుసటి వారం వాళ్ళు మళ్ళీ భువనేశ్వర్ బయలుదేరారు, తిన్నగానే. నాకు కనబడదు కాబట్టి విన్నాను. ఇంజను చప్పుడు షెడ్డు మీదే గుండ్రంగా తిరిగింది, పైకి, ఇంకా పైకి, సన్నబడి దోమ రొదంత అయ్యేదాకా. ఆ తర్వాతే కొండల వైపు మళ్ళింది.

అయినా అది పూర్తిగా వినబడకుండా పోయేదాకా నేను కుదుటపడలేదు.