షూటింగుకిచ్చిన ఇల్లు

సినిమావాళ్ళు మా హాల్లో పోసిన రక్తం తుడవడం నా వంతుకే వచ్చింది. పంచదార పాకంలో రంగు కలిపారట, తడిగుడ్డకి ఓ పట్టాన వదలదు, చీమలు అప్పుడే బారులు తీరాయి. "మా ఇంటిది తుడిచేస్తాది సార్, ఖాళీగానే ఉంటాది" అన్నాడు మా ఆయన తిరుమలరావు, డైరెక్టరుతో. పొద్దున్నుంచి యూనిట్ మొత్తానికి టీలు పెట్టిందీ, వాళ్ళకి అడ్డంగా ఉన్న బీరువా జరిపిందీ ఈ ఖాళీ మనిషే.

వన్ టౌన్‌లో పాత ఇల్లు, ఇరుకు సందు, చెక్క మెట్లు. అవి నచ్చే మా ఇల్లు తీసుకున్నారు. పోర్టులో హత్యలు చేసే ఓ రౌడీ, వాడి పెళ్ళాం కథట. "హింస వీధిలోంచి ఇంట్లోకి ఎలా వస్తుందో చూపిస్తామండీ" అని డైరెక్టర్ నాకు ఓపిగ్గా వివరించాడు. నేను బుద్ధిగా తలూపాను. మా ఇంటికి అది పెళ్ళయిన ఏడాదే వచ్చి, కాళ్ళు చాపుకుని కూర్చుంది. కూరలో ఉప్పు చాలకపోయినా, ఫోన్ తియ్యడం ఆలస్యమైనా ఆయన చెయ్యి లేస్తుంది. మర్నాడు కాఫీ తాగుతూ "నువ్వే కదేటి నాకు కోపం తెప్పించినావు" అంటాడు.

తర్వాతి షాట్‌లో రౌడీ పెళ్ళాన్ని కొట్టాలి. ఆ అమ్మాయి పెద్దగా కేకేసింది. "ఇంకా గట్టిగా, వీధంతా వినపడాలి" అన్నాడు డైరెక్టర్.

గుమ్మం పక్కన కుర్చీలో టీ ఊదుకుంటున్న మా అత్త జోగమ్మ అడ్డుపడింది. "అలగ అరవదు బాబూ. ఆడు సెయ్యెత్తగానే ముందు కిటికీ తలుపులేసుకుంతాది. పక్కింటోలకి ఇనపడకూడదు కదా."

"ఎవరు మామ్మగారూ?"

"మా కోడలు. దానికన్నా ముందు నాను."

టీ కప్పుల పళ్ళెంతో హీరో ముందు నవ్వుతూ నించున్న మా ఆయన మొహంలో ఆ నవ్వు అలాగే ఉండిపోయింది. లైట్లు పట్టుకున్నవాళ్ళు, మేకప్ అమ్మాయి, అందరూ ఒకసారి ఆయన్నీ ఒకసారి నన్నూ చూశారు. డైరెక్టర్ మెల్లగా లంచ్ బ్రేక్ అన్నాడు.

భూమి చీలితే దూరిపోదామని అనిపించాలి కదా నాకు. అనిపించలేదు. అత్త మీద కోపం మాత్రం వచ్చింది. ఇన్నేళ్ళూ పక్కగదిలో అంతా వింటూ, "మగోడన్నాక కోపముంతాది, నువ్వే సర్దుకోవాల" అన్న మనిషి. చెప్పగలిగినావిడ ఇన్నాళ్ళెందుకు ఆగింది? అయినా ఆ కోపంలోనే ఏదో తేలిక, బిగించి కట్టిన జడ విప్పేసినట్టు. నేను దాచుకొచ్చింది నా తప్పు కాదు, ఆయనది. దాన్ని దాచడం కూడా ఇంటిపనుల్లో ఒకటనుకుని ఇంతకాలం జీతం లేకుండా చేశాను. ఉన్నట్టుండి ఆకలేసింది. యూనిట్ బిరియానీ రెండు ప్లేట్లు తిన్నాను. "ఇంకొంచం యేసుకో" అంది అత్త, నా వైపు చూడకుండా.

"డ్యూటీ దిగొచ్చాక సెప్తాను మీ ఇద్దరి పనీ" అని నా చెవిలో అనేసి ఆయన పోర్టులో తన ఉద్యోగానికి వెళ్ళిపోయాడు. మామూలుగా ఆ మాట అన్న రోజు ఆయన వచ్చేలోపే కిటికీ తలుపులు వేసి ఉంచేదాన్ని. ఇవాళ చెయ్యి కడుక్కుని, అందరి ముందే, ఆనందపురంలో ఉన్న మా అక్కకి ఫోన్ చేశాను.

నా గొంతు వినగానే అక్క కంగారు పడింది. "ఏటే, మల్లా బాత్రూంలో జారిపడిపోనావేటి?"

"నానెప్పుడూ జారిపడలేదక్కా" అన్నాను.