ఏటికి చెప్పుకున్న మాట

మా ఊళ్ళో బిడ్డ పుట్టిన ఏడో రోజున తల్లి బిడ్డను నైలు ఒడ్డుకు ఎత్తుకెళ్ళాలి. ఏడు సంకటి ముద్దలు నీళ్ళలో వేసి, అడుగున ఉండే ఏటివాళ్ళకు బిడ్డను చూపించి, మా నూబియా మాటలో చల్లగా చూడమని చెప్పుకోవాలి. నా మనవరాలి ఏడో రోజున గొడవంతా అక్కడే మొదలైంది.

నా కోడలు సమ్హా షెండీ వైపు అరబ్బుల పిల్ల. పెళ్ళయిన ఏడాదిలో పిండి కలుపుతూ, నీళ్ళు మోస్తూ మా మాట నేర్చుకుంది. మధ్యమధ్య వాళ్ళ మాటలు దొర్లుతాయి. దొర్లితే ఏం పోయింది? మా ఆడపడుచు దహీబాకు మాత్రం కొంప మునిగినట్టే.

ఒడ్డున అడ్డం నిలబడి, "బిడ్డను ఇటివ్వు. నీ కలగాపులగం మాటలు ఏటివాళ్ళకు నచ్చవు. నేను చూపిస్తాను," అంది.

సమ్హా బిడ్డను గట్టిగా పట్టుకుంది. "కన్నతల్లిని నేనుండగా ఇంకొకరు చూపించడమేంటి పెద్దత్తా?" అంది. ఈ రోజు పక్కకు జరిగితే ఈ ఊరికి తను ఎప్పటికీ పరాయిదే అని దానికి తెలుసు. నాకూ తెలుసు. నాకు ఒళ్ళు మండింది.

"సరే వదినా, నువ్వే చెప్పు. బయటి మాట ఒక్కటి దొర్లినా బిడ్డ తల్లి దగ్గరే ఉంటుంది. సరేనా?" అన్నాను.

"నాకేం భయం?" అంటూ దహీబా మొదటి ముద్ద వేసింది. "బిస్మిల్లా..."

"అది అరబ్బీ కాదూ?"

"దేవుడి పేరు లెక్కలోకి రాదే నబ్రా."

"పోనీలే, కానివ్వు."

రెండో ముద్ద వేసి, బిడ్డ నుదుటికి ఏటి నీళ్ళు రాసింది. "మరియా, మరియా, ఈ కిరాగే నాడు పుట్టిన పిల్లను చల్లగా చూడు."

"మరియా ఎవరు వదినా? ఊరి చివర ఇసుకలో కూరుకుపోయిన పాత చర్చిలో బొమ్మ ఆవిడదే కదా? ఆదివారాన్ని మనం కిరాగే అంటున్నది కూడా ఆ చర్చివాళ్ళ గ్రీకు మాటేనని బళ్ళో మాస్టారు చెప్పలేదూ?"

ఆడవాళ్ళు పకపకా నవ్వారు. దహీబా నవ్వలేదు. మూడో ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

"అయితే మనకంటూ ఏం మిగిలిందే?" అంది మెల్లగా. అలా అడిగేసరికి నాకు జాలేసింది.

"మనం మిగిలాం వదినా. వచ్చినవాళ్ళందరి మాటలూ పుచ్చుకుని మనవి చేసుకున్నాం. ఇంతమంది వచ్చినా ఏటితో మాట్లాడేది మన మాటలోనే. ఈ కోడలు పిల్లకా చోటు లేనిది?"

దహీబా ఆ ముద్దను సమ్హా చేతిలో పెట్టింది. సమ్హా ఒక్కొక్క ముద్దా వేస్తూ, నేర్చుకున్నదంతా తడబడకుండా చెప్పింది. ఆఖరి ముద్ద దగ్గర మాత్రం దానికి ఏడుపొచ్చింది. వాళ్ళ వైపు అమ్మమ్మను పిలిచినట్టు ఏటిని పిలిచింది: "హబ్బోబా, ఇది నీ పిల్లే." ఎవరూ తప్పు పట్టలేదు.

మూడేళ్ళకు దహీబాకు మనవడు పుట్టాడు. ఏడో రోజున ఆవిడ కూతురు ఆఖరి ముద్ద పట్టుకుని, చెప్పాల్సింది మరిచిపోయి నిలబడింది.

"హబ్బోబా అని పిలవవే," అని కసిరింది దహీబా. "మన ముత్తవ్వల నాటి మాట. అది కూడా తెలియదా?"

సమ్హా నా వైపు చూసింది. నేను ఏటి వైపు చూశాను.