పెద్ద నంబరు గుడ్డ

ఎదెల్మీరాకి బుర్ర తిరిగిపోతోంది. పొద్దుటి నుంచీ ఫోన్‌లో గుడ్డల దుకాణాలు వెతుకుతూనే ఉంది, ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. బరిలోచే ఊళ్లో బడిపిల్లలకి తెల్ల కోట్లు కుట్టీ కుట్టీ జుట్టు నెరిసిన మనిషి. గుడ్డని రెండు వేళ్ల మధ్య నలిపి దాని పుట్టుపూర్వోత్తరాలు చెప్పేస్తుంది. ఇక్కడ నలపడానికి ఏముందీ, ఫోను అద్దం తప్ప!

"ఇదీ నైలానే, అదీ నైలానే. దీని పక్కన డెబ్బై, దాని పక్కన రెండొందల పది, ఆ కిందదానికి వెయ్యి. ఇవి ధరలా, మీటర్లా, ఏమిటే ఇవి?" అని ఆడపడుచు నిల్దాని అడిగింది.

నిల్దా మాతే ఆకు కషాయం గొట్టంతో పీలుస్తూనే ఉంది. "నన్నడుగుతావేంటి వదినా! బొత్తాం ఊడితే నీ దగ్గరికి పరిగెత్తుకొచ్చేదాన్ని."

"ఇది చూడు. ఒక వైపు పూతట, రెండు వైపులా పూతట. పూత పూయడానికి ఇదేమన్నా కేకా?"

"ఎందుకొచ్చిన గొడవ? నీ సామాను మేం మొయ్యమా?"

ఆ మాటే ఎదెల్మీరాకి ఒళ్లు మండించేది.

ఏటా వేసవి చివర వీళ్ల కుటుంబమంతా కొండ మీది విడిదికి నడిచి వెళ్తుంది. బయలుదేరే ముందు నిల్దా మొగుడు దార్దో అందరి సంచులూ కొక్కెం తక్కెడకి తగిలించి తూస్తాడు. ఎవరి సంచి తేలికైతే వాళ్లే మామగారి నాటి ఇనప డేగిసా మొయ్యాలి. మూడు కాళ్ల మొండి డేగిసా అది. ఎదెల్మీరా పొదుపుగా సర్దుకునే మనిషి కాబట్టి అది ఎప్పుడూ ఆవిడ వీపు మీదికే చేరేది. దారి పొడుగునా తిట్టుకుంటూ మోసేది, పైకి చేరాక మొదటి గిన్నె కూర తనకే పొయ్యాలని దబాయించేది.

ఆ తర్వాత ఆవిడకి ఆపరేషన్ చేసి ఎడమ రొమ్ము తీసేశారు. దాంతో పోయినేడు దార్దో ఆవిడ సంచిని తక్కెడ దాకా రానివ్వలేదు. "నువ్వు ఊరికే నడువక్కా" అని తన భుజానికే వేసుకున్నాడు. అది ప్రేమే, ఆవిడ కాదనదు. కానీ చేతులూపుకుంటూ కొండెక్కడం అంత అవమానంగా ఉంటుందని ఆవిడకి అప్పుడే తెలిసింది. కొన్న సంచుల పట్టీలు సరిగ్గా గాటు మీదే ఒరుసుకుంటాయి. అందుకే ఈసారి తనకి సరిపడేలా తనే కుట్టుకోవాలని, అందరికన్నా తేలికైన సంచి చేసుకుని డేగిసాని మళ్లీ తన వీపు మీదికి తెచ్చుకోవాలని పట్టుబట్టింది.

"ఆగాగు!" అంది ఉన్నట్టుండి. "ఇది దారం నంబరు లాంటిదే! నలభై నంబరు దారం లావు, బొత్తాలకి వాడతాం. నూట ఇరవై వెంట్రుక లాగా ఉంటుంది. అంకె పెరిగే కొద్దీ సన్నం. అంటే ఈ వెయ్యి నంబరుది ఈగ రెక్కే!"

ఎందుకైనా మంచిదని బ్యూనస్ ఐరిస్ దుకాణంవాణ్ణి కొండలకి పనికొస్తుందా అని అడిగింది. బ్రహ్మాండంగా పనికొస్తుంది మేడమ్ అని వాడి జవాబు. తేలికా అని అడగాలని ఆవిడకి తోచనే లేదు.

పార్సిల్ ఎత్తబోతే బండరాయిలా ఉంది. విప్పితే గుడ్డ మడత దానంతటదే నిలబడింది.

"ఇది గుడ్డ కాదు వదినా, తలుపు!" నిల్దా పడీ పడీ నవ్వింది.

ఫోన్ చేస్తే దుకాణంవాడు తాపీగా చెప్పాడు. "గుడ్డకి అంకె పెరిగితే పోగు లావు మేడమ్."

"దారానికో లెక్క, దారంతో నేసిన గుడ్డకో లెక్కా! ఎవడయ్యా పెట్టింది?"

"నాకేం తెలుసు మేడమ్?"

ఆవిడకీ తెలీదు. మళ్లీ తెప్పించడానికి రోజులు లేవు. ఆ రాత్రి మిషను ముందు కూర్చుని ఏడ్చింది. మర్నాడు లావు సూదులు తీసి, విరిగినవి విరగగా, ఆ తలుపుతోనే సంచి కుట్టింది. కుడి భుజానికి ఒకటే పట్టీ, బరువంతా మోసేలా నడుముకి వెడల్పాటి బెల్టు. ఎడమ పక్కన ఏమీ లేదు.

కొండ మొదట్లో దార్దో అలవాటుగా ఆవిడ సంచి కోసం చెయ్యి చాచాడు.

"ముందు తూచు తమ్ముడూ" అంది.

తూచాడు. అందరి సంచుల కన్నా ఆవిడదే బరువు. అందరూ గొల్లుమన్నారు. ఈసారి తేలిక సంచి దార్దోదే, కొత్తగా కొన్న పల్చటి సంచి. ఎదెల్మీరా ముఖం పక్కకి తిప్పుకుంది. డేగిసా పోయినట్టే.

దార్దో డేగిసాని తన సంచిలోకి దించి భుజానికెత్తాడు. చర్రుమని సంచి చిరిగి డేగిసా కాలొకటి బయటికొచ్చింది. తిప్పి పెడితే ఇంకోటి. తక్కినవాళ్ల సంచులూ అలాంటివే, ఎవరూ ముందుకి రాలేదు. దార్దో డేగిసా పట్టుకుని ఆవిడ సంచి వంక చూశాడు, ఆవిడ వంక చూశాడు, చూపు దించుకున్నాడు.

"అడగవేం?"

"అది కాదక్కా, నీకు నొప్పి..."

"నొప్పేస్తే చెప్తాను. నాకు నోరు లేదా?"

డేగిసా ఆ సంచిలో దిగింది. మూడు కాళ్లూ గుడ్డకి తన్నుకున్నాయి, గీత కూడా పడలేదు. ఎదెల్మీరా నడుము బెల్టు బిగించి లేచి నిలబడింది.

"బరువుగా ఉందా అక్కా?"

"చచ్చేంత ఉంది" అంది ఆవిడ, కళ్లు తుడుచుకుంటూ. "మొదటి గిన్నె నాదే, ముందే చెప్తున్నా."

అందరికన్నా ముందు నడిచింది.