పేరు పెట్టి పాడిన శోకం

నాటకం రిహార్సలు మూడో అంకం దాకా బాగానే నడిచేది. అక్కడికి వచ్చేసరికి బండి ఆగిపోయేది. కథలో రాజు ఖాన్ చనిపోతాడు, అతని కూతురు శోకం పాడాలి, ఒక్కో చరణం చివర పన్నెండు మంది కోరస్ అమ్మాయిలు ఖాన్ పేరు అందుకోవాలి. కాగితం మీద ఇంతే. కానీ కూతురి వేషం వేసిన మేరిమ్‌కి ఆ చోట గొంతు పెగిలేది కాదు.

కోరస్ నేర్పే గుల్‌బారా మేడంకి కోపం ముక్కు మీదే ఉంటుంది. బిష్కెక్ నగరం మొత్తమ్మీద తన విద్యార్థుల కోరస్ తర్వాతే ఏదైనా అని ఆవిడ నమ్మకం.

"ఏమ్మా, పెళ్ళిపాటలకి కిటికీ అద్దాలు అదిరేలా పాడతావే! ఇక్కడికొచ్చేసరికి పిల్లికూనవైపోతావేం?"

"రేపు వచ్చేస్తుంది మేడం."

"రేపూ రేపూ అంటూ మూడు వారాలైంది. ఏడ్చే దిక్కులేక ఆ ఖాన్ స్టేజీ మీదే పడున్నాడు పాపం."

అందరూ నవ్వారు. శవం కూడా నవ్వింది. మేరిమ్ కూడా వాళ్ళతోపాటు నవ్వి, నీళ్ళు తాగే నెపంతో బయటికి పోయింది.

ఆమె తండ్రి జుమాకదిర్ తో-అషూ కనుమ మీద మంచు తోసే బండి నడిపేవాడు. ఇరవై రెండేళ్ళు అదే పని. మొన్న జనవరిలో ఒక పొద్దున బండి ఎక్కబోతూ గుండె పట్టుకుని కూలబడ్డాడు, మళ్ళీ లేవలేదు. కబురు అందేసరికి మేరిమ్ పరీక్ష హాల్లో ఉంది. పడుతూ లేస్తూ బయలుదేరితే కనుమ మూసేశారు. కొండ కింద టీ కొట్టులో మూడు రోజులు పడిగాపులు కాసింది. "దారి ఊడ్చేవాడే పోయాక దారెక్కడిది" అని పక్క బల్ల మీద లారీ డ్రైవర్లు అనుకుంటుంటే విన్నది. ఆ పోయినవాడి కూతురు పక్కనే కూర్చుందని వాళ్ళకి తెలియదు.

ఆమె ఇల్లు చేరేసరికి అంతా అయిపోయింది. శవాన్ని ఉంచిన గుడారం విప్పేశారు. దాని కింద మంచు పడని నేల గుండ్రంగా, నల్లగా మిగిలింది. తండ్రి పోతే కూతుళ్ళు ఆ గుడారంలో ఉన్ని గోడవైపు తిరిగి కూర్చుని, ఆయన మంచీ మర్యాదా పాటలో పెట్టి గొంతెత్తి శోకించాలి. వచ్చినవాళ్ళు అది విని "ఫలానావాడికి కూతురుంది" అనుకోవాలి. కలిసి ఏడ్చిన ఆడవాళ్ళకి ఇంటివాళ్ళు కొత్తగుడ్డ చించి తలా ఒక ముక్క ఇవ్వాలి. మేరిమ్ ఆ గుండ్రటి నేల మధ్య నిలబడింది. చుట్టూ ఆడవాళ్ళు ఎదురుచూశారు. ఎంతసేపటికీ ఒక్క మాట రాలేదు. చివరికి ఎవరో "లోపలికి రండే, చలి" అన్నారు.

"సిటీలో వందమంది ముందు పాడుతుందట, కన్నతండ్రికి ఒక్క ముక్క పాడలేకపోయింది" అని ఊరంతా చెవులు కొరుక్కుంది. తల్లి ఉల్కాన్ మాత్రం పల్లెత్తు మాట అనలేదు. మేరిమ్‌కి అంతకంటే తిట్టినా బాగుండేది.

మరి ఈ వేషం ఎందుకు ఒప్పుకున్నట్టు? అడిగితే చెప్పేది కాదు గానీ, ఖాన్ కోసం దొంగ ఏడుపు ఒకసారి బయటికొస్తే దాని వెనకే అసలుది కూడా వస్తుందేమోనని ఆమె ఆశ.

నాటకం రోజు మధ్యాహ్నం ఉల్కాన్ హాస్టలుకి వచ్చింది. భర్త పోయి ఏడాది తిరగలేదు, నల్ల రుమాలు ఇంకా తలమీదే ఉంది. సంచీలోంచి నూనెలో వేయించిన రొట్టెముక్కలు, ఎండబెట్టిన పెరుగు ఉండలు, నాలుగు మీటర్ల నీలం సాటిన్ గుడ్డ తీసింది.

"గౌను కుట్టించుకో. చలికాలం నుంచీ ఆ పాత స్వెట్టరుతోనే కనిపిస్తున్నావు."

కోరస్‌లో పాడే చోల్పన్ మేరిమ్‌తో ఒకే గదిలో ఉంటుంది. నోట్లో రొట్టె ఉన్నా ఆమెకి మాట ఆగదు. "అత్తా, ఇవాళ శోకం పాడేది మీ అమ్మాయే తెలుసా?"

ఉల్కాన్ చేతిలో గుడ్డ అలాగే ఉండిపోయింది. "శోకమా? ఎవరు పోయారని?"

"ఖాన్, అమ్మా. నాటకంలో."

"చావు లేకుండా శోకం పాడతారుటే? చావుని భోజనానికి పిలిచినట్టు కాదూ! మీ మేడంకి ఇంట్లో పెద్దవాళ్ళెవరూ లేరా?"

"ఉత్త నాటకమే కదమ్మా."

"నాటకమని నీకు తెలుసు. శోకానికి తెలుసా?"

"అయితే ఇవాళ మాలో ఎవరో ఒకరు పోతారన్నమాట" అంది చోల్పన్. "నేనే పోతాలే అత్తా. సోమవారం లెక్కల పరీక్ష ఎలాగూ గట్టెక్కేది లేదు."

ఉల్కాన్ నవ్వు ఆపుకోలేకపోయింది. తర్వాత గుడ్డ మడతలు సర్దుతూ కూతురితో అంది.

"సరే, మాటిచ్చావు. వెనక్కి పోకు. కానీ గోడవైపు తిరిగి కూర్చో. శోకమంటే జనం మొహాలు చూస్తూ పాడేది కాదు. ఇంకోటి, నిజంగా పోయినవాళ్ళ పేరు పెట్టి పాడు. లేనివాడి కోసం ఏడిస్తే ఆ ఏడుపు ఎవరి గుమ్మం దొరుకుతుందా అని తిరుగుతుంది."

"ఎవరి పేరు పెట్టను?"

అడిగి మేరిమ్ నాలుక కరుచుకుంది. వాళ్ళ ఇళ్ళలో భార్య భర్త పేరు పలకదు. పెళ్ళయిన ఇరవై ఆరేళ్ళలో ఉల్కాన్ ఆ పేరు ఒక్కసారి కూడా పలకలేదు.

"అది నేను చెప్పాలా?" అంది ఉల్కాన్, తలెత్తకుండా.

మేరిమ్ మేడంకి చెప్పలేదు. చెబితే ఒప్పుకోరు. జనానికి వీపు చూపించడం గుల్‌బారా మేడం లెక్కలో పాపం. ఖాన్ పేరు మార్చడం అంతకంటే పాపం.

సాయంత్రం హాలు నిండింది. మూడో అంకంలో ఖాన్ చనిపోయాడు. స్టేజీ మీది సగం గుడారంలో మేరిమ్ కూర్చుని, మెల్లగా గోడవైపు తిరిగింది. వెనక హాల్లో గుసగుసలు మొదలయ్యాయి. ఇప్పుడు మేడం చెయ్యి కనిపించదు, కోరస్ కనిపించదు, మూడో వరసలో ఉన్న తల్లి కనిపించదు. ముందు ఉన్ని గోడ ఒక్కటే. పాట తోసుకుని వచ్చింది.

"కనుమ మీది మంచునంతా తోసినావు నాన్నా
ఊరివారి దారులన్నీ తెరిచినావు నాన్నా
నా దారిని మంచు పడితే నువ్వు లేకపోతివే
మూడునాళ్ళు ఆలస్యంగా వచ్చినాను, జుమాకదిర్ నాన్నా"

ఆగింది. ఇక్కడ కోరస్ అందుకోవాలి. అందుకోలేదు. వాళ్ళకి నేర్పింది ఖాన్ పేరు, వినిపించింది మరో పేరు. ఒక క్షణం గడిచింది, రెండు గడిచాయి. నాటకాన్ని ముంచేశాను, ఈసారి కూడా నాన్నని ఒంటరిగా వదిలేశాను అనుకుంది మేరిమ్.

అప్పుడు వెనకనుంచి ఒక బొంగురు గొంతు "జుమాకదిర్..." అంది. అది చోల్పన్‌ది. ఆమె వెనకే మిగతా పదకొండు మందీ అందుకున్నారు. ఎవరూ నేర్పని పేరు పన్నెండు గొంతుల్లో హాలు కప్పుదాకా లేచింది. మేరిమ్ కాగితం మీద లేని చరణాలు ఇంకో నాలుగు పాడింది. నాలుగుసార్లూ వాళ్ళు అందుకున్నారు.

పాట అయ్యాక చప్పట్లు లేవు. హాల్లో ఎవరో పెద్దాయన రెండు చేతులూ ఎత్తి ముఖం మీదుగా దించుకున్నాడు, చావింట్లో ప్రార్థన ముగించినట్టు. ఆయన్ని చూసి మిగతావాళ్ళూ. చచ్చి పడుకున్న ఖాన్ కూడా చేతులు ముఖం మీదికి తెచ్చుకున్నాడు. ఆ పొరపాటుకి ఎవరూ నవ్వలేదు.

తెర పడగానే మేడం స్టేజీ వెనక్కి దూసుకొచ్చింది. "ఖాన్ ఏడీ? మూడు వారాలు నేర్పితే ఇదా? అసలా జుమాకదిర్ ఎవరు?"

"మా ఇంటాయన" అంది ఉల్కాన్, గుమ్మంలోంచి.

ఉల్కాన్ లోపలికొచ్చి సంచీలోంచి నీలం గుడ్డ తీసింది. అంచు పంటితో కొరికి సర్రున చించింది.

"అమ్మా! అది నా గౌను గుడ్డ."

"మా ఇంటి మనిషి కోసం ఏడ్చినవాళ్ళని వట్టి చేతుల్తో పంపిస్తానా? ఇటు రండమ్మా, ఒక్కొక్కరూ."

పన్నెండు మందీ బుద్ధిగా వరసలో నిలబడ్డారు. చివర ఒక ముక్క మేడం వైపు చాచింది ఉల్కాన్.

"నాకెందుకండీ, నేనేం ఏడవలేదు" అంది మేడం, ఎర్రబడ్డ కళ్ళతో.

"చూశాలెండి" అని ఆవిడ గుప్పిట్లో పెట్టింది ఉల్కాన్.

మిగిలింది ఒక్కటే ముక్క. అది పట్టుకుని కూతురి దగ్గరికొచ్చింది.

"జనవరిలో ఊరందరికీ నా చేత్తోనే చించి ఇచ్చాను. నీకు మాత్రం ఇవ్వలేకపోయాను. ఇదిగో, నీ వంతు."

మేరిమ్ ఆ గుడ్డముక్క అందుకుని, దాన్నే మొహానికి అడ్డం పెట్టుకుని, పాటా గీటా ఏమీ లేకుండా వెక్కి వెక్కి ఏడ్చింది.