గొర్రెకు పెట్టిన మందు

"పొద్దు బారెడెక్కింది, చీపురు వట్టుకొని గుంజోలె నిలవడ్డవేందే? దొడ్డి నీ మేనమామలొచ్చి ఊడుస్తరా?"

అత్త గుర్వమ్మ గొంతు అది. జానమ్మ చేతిలో చీపురు ఉంది. కాళ్ళ కింద రాత్రంతా నూట ఇరవై గొర్రెలు పోసిన మూత్రం, వేసిన పెంటికలు ఉన్నాయి. వంగితే చాలు. ఈ ఇంటికి వచ్చిన పదేళ్ళుగా వంగుతూనే ఉంది. అయినా ఆ పొద్దున వంగమని నడుముకు చెప్పే మనిషి లోపల లేకుండా పోయింది. దొడ్డి వాసన ముక్కుకు కొట్టింది, దాని వెంటే తన చీర కొంగు వాసన, తన తలలోని మురికి నూనె వాసన వచ్చాయి. తల దువ్వుకుని ఎన్నాళ్ళయిందో గుర్తు లేదు. అసహ్యం వేసింది. గొర్రెల్ని ఏమనుకుంటుంది పాపం, తనను చూస్తేనే తనకు అసహ్యం.

ఇదంతా కొడుకు పుట్టిననాటి నుంచి మొదలైంది. కూతురు సోమి తర్వాత ఆరేళ్ళకు మగపిల్లవాడు పుడితే ఇంట్లో పొట్టేలు తెగింది, వాడకట్టంతా కల్లు పారింది. అందరి సంబరం మధ్యలో జానమ్మ కుక్కి మంచంలో పడుకుని దూలాలు లెక్కపెట్టింది. పుట్టిన బిడ్డను పక్కలో వేస్తే ఎవరో దాచిపెట్టమని ఇచ్చిన మూటలా అనిపించాడు. ఆ మాట పైకి అంటే నాలుక కోస్తారు. అనలేదు. బాలింత నీరసం అనుకుంది. నీరసం నెలలు దాటి ఏడాది దాటింది. తెల్లవారకముందే మెలకువ వచ్చేది, వచ్చిన దగ్గర నుంచి ఛాతీ మీద తిరుగలి రాయి పెట్టినట్టు ఉండేది. జొన్నగట్క నోట్లో పెట్టుకుంటే మట్టి. పిల్లవాడు ఏడిస్తే ఎక్కడో పక్క వాడలో ఏడుస్తున్నట్టు వినిపించేది. లేచి వెళ్ళాలని తెలుసు, లేవడానికి మాత్రం జాము పట్టేది. బావి దగ్గర బిందె ముంచి, నిండిన తర్వాత కూడా లోపలికే చూస్తూ నిలబడేది. ఏం చూస్తున్నదో తనకు బాగా తెలుసు.

అలాంటి మనిషికి ఇంట్లో మాటలకు కొదవ లేదు. "మేము కన్లేదా? నల్గుర్ని కన్న, నాలుగోనాడే మందెంట పోయిన" అని అత్త. "ఏం తక్కువైందే నీకు? కొడుకు పుట్టె, గొర్రెలు ఈనె" అని మళ్ళీ అత్తే. మొగుడు భిక్షం ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. "ఇంట్ల అడుగు వెడ్తె ఏడ్పు మొఖం. దీనికన్న గొర్రెలు నయం" అని గొంగడి దులుపుకుని దొడ్డిలోకి వెళ్ళి పడుకునేవాడు. తిన్నది అరగక అని ఒకరు, పని దొంగ అని ఇంకొకరు. ఆ పని దొంగే పొద్దున దొడ్డి ఊడ్చి, ఉన్ని వడికి, అంబలి కాచి, అందరూ తిన్న తర్వాత గిన్నె నాకినంత తిని, అది కూడా సయించక కుక్కకు వేసేది. దొంగ అన్నప్పుడు ఏం ఎత్తుకుపోయిందో ఎవరూ చెప్పలేదు.

వైద్యం చేయించలేదా అంటే చేయించారు. మొదట ఊరి దేవరలను కొలిచే బైండ్లాయన వచ్చాడు. పుట్టింటి దేవర పట్టిందన్నాడు, జుట్టు విరబోయించి వేపమండలతో బాదాడు, కోడిని కోసి ఆ నెత్తురు నుదుటికి పూశాడు. కోడికూర ఆయనా, మామ వరుసవాళ్ళూ తిన్నారు. అది పని చేయకపోతే వాత పెట్టారు. గొర్రె కాలు వాస్తే కొడవలి కాల్చి పెట్టే వాతే. ఇద్దరు ఆడవాళ్ళు కాళ్ళు పట్టుకుంటే అత్త ఆమె పొత్తికడుపు మీద పెట్టింది. వాకిట్లో బీడీ తాగుతున్న భిక్షం "జర మెల్లగ వెట్టుండ్రి" అన్నాడు. మొగుడు తన కోసం మాట్లాడిన మాట ఆ ఏడాదంతటికీ అదొక్కటే. పుండు మానడానికి నెల పట్టింది. ఆ నెలంతా పుండు మీద ఈగలు తోలుకుంటూ, నేను ఇంతేనేమో, ఇంతకే తగుదునేమో అనుకుంది. తలుచుకుంటే ఇప్పటికీ ఆ మాటే అన్నిటికంటే రోత.

అప్పుడు బొల్లి గొర్రె మేత మానేసింది.

మంద అంటే భిక్షానికి ప్రాణం. నూట ఇరవైలో ఏది కుంటుతోందో, ఏది తుమ్మిందో కళ్ళు మూసుకుని చెప్తాడు. ఆకు పసరు పోశాడు, పొగ వేశాడు, చివరికి పాలమూరులో సర్కారువాళ్ళు కొత్తగా పెట్టిన గొడ్ల దవాఖానకు బయలుదేరాడు. నాలుగు కోసులు, అంటే ఎనిమిది మైళ్ళ దూరం. బొల్లిదాన్ని మెడ చుట్టూ భుజాల మీద వేసుకుని ఆయన ముందు, దాని కోసం పచ్చగడ్డి మోపు నెత్తిన పెట్టుకుని, నీళ్ళ ముంత చేత పట్టుకుని జానమ్మ వెనక. దారిలో రెండుసార్లు ఆగి గొర్రెకు నీళ్ళు పట్టాడు. ఆమెకు దాహమైందో లేదో అడగాలని ఆయనకు తోచలేదు, చెప్పాలని ఆమెకూ తోచలేదు.

పశువుల డాక్టరు గొర్రె కన్ను రెప్ప లాగి చూశాడు. "ఎన్నాళ్ళ నుంచి మేత ముట్టడం లేదు? మందలో కలుస్తోందా?" అన్నాడు.

భిక్షం గొర్రె మెడ నిమిరాడు. "ఐదొద్దులాయె సారూ. మందల గల్వకుంట గోడకానుకొని నిలవడ్తాంది. రాత్రి పండుకుంట లేదు, కండ్లు తెర్సుకొనే ఉంటాంది. పిల్ల పొదుగు కాడికొస్తె మొఖం మలుపుకుంటాంది. లోపల ఏందో తల్లడమైతాంది సారూ, నోరులేని జీవి, ఎట్ల జెప్తది?"

జానమ్మ గడ్డి మోపు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. మేత, నిద్ర, మంద, పిల్ల. ఒక్కటి తప్పలేదు. ఏడాదిన్నరగా తనలో ఉన్నవన్నీ ఈ మనిషి గొర్రెలో ఐదు రోజుల్లో కనిపెట్టాడు. ఇతనికి కళ్ళు లేవనుకుంది ఇన్నాళ్ళూ. ఉన్నాయి, చక్కగా ఉన్నాయి.  మోపు కింద పడేసి బయటికి నడిచి, పక్క ప్రహరీ గోడ దగ్గర కూలబడి వాంతి చేసుకుంది.

అది క్రైస్తవ మిషనువాళ్ళ దవాఖాన గోడ. లోపల వాకిలి చిమ్ముతున్న ఆయా ఈదమ్మ వచ్చి వీపు నిమిరింది. అరవై దగ్గర పడ్డ మనిషి, తెల్లచీర. "నీళ్ళోసుకున్నవా బిడ్డా?" అంది.

"లేదవ్వా" అంది జానమ్మ. తర్వాతి మాట తనకు తెలియకుండానే వచ్చింది. "సావాలనిపిస్తాంది."

ఆ మాటకు ఈదమ్మ నోరు నొక్కుకోలేదు, తప్పు అనలేదు. ముఖం కడిగి, రెక్క పట్టుకుని లోపలికి తీసుకుపోయింది.

డాక్టరమ్మ కోస్తా జిల్లాల నుంచి వచ్చిన సన్నపాటి మనిషి. స్టూలు మీద కూర్చోబెట్టి, "నిద్ర పడుతోందా అమ్మా?" అని అడిగింది. అంతే. ఆ ఒక్క ప్రశ్నకు జానమ్మ ఏడుపు ఆగడానికి చాలాసేపు పట్టింది. డాక్టరమ్మ తొందరపెట్టలేదు. కడుపు మీద వాత మచ్చ చూసి పళ్ళు బిగించింది. తర్వాత నెమ్మదిగా చెప్పింది. "ఇది జబ్బమ్మా. గాలీ కాదు, ధూళీ కాదు, నీ సోమరితనం అంతకంటే కాదు. కాన్పుల తర్వాత చాలామందికి వస్తుంది. దీనికి మాత్రలు వచ్చాయి. మూడు వారాల దాకా గుణం కనపడదు, అయినా మానొద్దు. కాస్త బాగుందనిపించినా మానొద్దు. పదిహేను రోజులకోసారి వచ్చి నాకు కనపడాలి."

సూది మందు వేయించిన గొర్రెను భుజాన వేసుకుని వెతుక్కుంటూ వచ్చిన భిక్షానికి కూడా ఇదే చెప్పింది. చావాలనే తలపు దాకా వచ్చిన మనిషి, జాగ్రత్తగా చూసుకో అంది. ఆయన అంతా విని, "గోలీలు పుక్కట్నే ఇస్తరా?" అని అడిగాడు. ఉచితమే అనగానే తల ఊపాడు.

అలా పదిహేను రోజులకోసారి నాలుగు కోసులు నడిచి వెళ్ళడం మొదలైంది. డాక్టరమ్మ చూసి పంపాక ఈదమ్మ వరండాలో పక్కన కూర్చోబెట్టుకునేది. "నా పెనిమిటి వొయినంక రెండేండ్లు గోడనే జూసుకుంట కూసున్న బిడ్డా. నా మీన ఈగ వాలినా తోల్కోలే. గీ డాక్టరమ్మనే లేపింది. గోలీ సగం లేపుతది, మిగిలిన సగం ఎవలకన్న చెప్పుకోవాలె. నాకు చెప్పు. ఎప్పుడొచ్చినా నా ఇంట్ల నీకు జాగున్నది" అనేది. జానమ్మ చెప్పేది. బావి సంగతి చెప్పింది. బిడ్డ మూటలా అనిపించిన సంగతి చెప్పింది. నాలుక ఎవరూ కోయలేదు.

ఐదో వారంలో ఒక మధ్యాహ్నం రొట్టె మీద మిరపకారం నాలుకకు చురుక్కుమంది. కారం కారంగా ఉందని గుర్తుపట్టి అలాగే కూర్చుండిపోయింది. ఇంకో నాడు పిల్లవాడు నవ్వితే ఆ నవ్వు తన ఇంట్లోనే వినిపించింది. పూర్తిగా బాగైందని కాదు. కొన్ని పొద్దులు రాయి మళ్ళీ ఎక్కి కూర్చునేది. కానీ దిగుతుందని తెలిశాక రాయి బరువు కొంత తగ్గింది. ఇంట్లోవాళ్ళు చూసింది మాత్రం దొడ్డి పొద్దున్నే ఊడ్చి ఉందని. "గోలీ మింగితె పని జేస్తాంది. అంటె ఇన్నొద్దులు సుస్తీ ఏషమే గద!" అంది గుర్వమ్మ.

ఎండలు ముదిరాయి. బీళ్ళలో గడ్డి మాడింది. ఏటా లాగే మంద అమ్రాబాదు గుట్టల మీదికి నాలుగు నెలలు వలస పోవాలి. మంద వెంట వండిపెట్టడానికి జానమ్మ పోవాలి, అత్త ఇల్లు కనిపెట్టుకుని ఉంటుంది. ఆ నాలుగు నెలలకు మాత్రలు ఎలాగని ఆమె అప్పటికే బెంగపడుతోంది. వలసకు ముందురోజు మాత్ర వేసుకుందామని గూట్లో సీసా తీస్తే ఖాళీగా ఉంది. ఇంకా పదిరోజుల మందు ఉండాలి.

"సోమి నాయినా, నా గోలీలేమైనయి?"

భిక్షం తాడు పేనుతున్నాడు. తల ఎత్తలేదు. "బొల్లిదానికి మల్ల మేత వోతలేదు. గోలీలేసుకుంటె నీకు ఆకలైతాంది గద. దంచి, అంబలిల గల్పి, గొట్టంతోటి పోసిన."

"ఎన్ని?"

"ఉన్నయన్ని."

జానమ్మ దొడ్డిలోకి పరుగెత్తింది. బొల్లిది కాళ్ళు తడబడుతూ గోడకు ఆనుకుని ఉంది. నాలుక ఎండి బయటికి వచ్చింది. దాని నోరు తడిపి, తల ఒళ్ళో పెట్టుకుని, దాని ఊపిరి కుదురుకునేదాకా కూర్చుంది. దాని తప్పేముంది? తిరిగి వచ్చి మొగుడి ముందు నిలబడింది.

"మరి నాకు?"

ఈసారి ఆయన నిజంగానే ఆశ్చర్యపోయి చూశాడు. "నీకేమైంది? లేశి తిరుగుతనే ఉన్నవ్ గద. గొర్రె సస్తె మల్లొస్తదా?"

"గంతేగద" అంది అత్త లోపల్నుంచి. "మనిషికి పనిజేసిన మందు గొర్రెకు పనిజెయ్యదా?"

జానమ్మకు ఏడుపు రాలేదు. కడుపు అడుగు నుంచి అసహ్యం లేచింది. పాతదే, ఏడాదిన్నరగా తన మీద తనకు ఉన్నదే. కానీ ఈసారి అది తన మీదికి రాలేదు. ఎదురుగా తాడు పేనుతున్న చేతుల మీదికి, ఆ నిదానం మీదికి, లోపల్నుంచి వచ్చిన ఆ గొంతు మీదికి పోయింది. ఇన్నాళ్ళూ దారి తప్పి తన దగ్గర ఉన్నది ఇప్పుడు ఎవరిది వాళ్ళకు చేరినట్టయింది. ఛీ అనుకుంది. ఆ ఛీ ఎంతో ఆరోగ్యంగా ఉంది.

తెల్లవారింది. మంద వలస పోయేనాడు ఇంటి కోడలే పొట్టేలుకు పసుపు పెట్టి, దొడ్డి తడక తీసి, నీళ్ళ బిందెతో ముందు నడవాలి. కోడలి చెయ్యి తగలకుండా కదిలిన మంద మళ్ళీ తిరిగి రాదంటారు. వాడవాళ్ళు చూడ్డానికి వచ్చారు. గొర్రెలు తడకకు ఒత్తుకుని అరుస్తున్నాయి. జానమ్మ పిల్లవాడిని చంకన వేసుకుని, సోమి వేలు పట్టుకుని, బట్టల మూటతో బయటికి వచ్చింది. చేతిలో బిందె లేదు.

"తడక తియ్యి, పొద్దు వోతాంది" అన్నాడు భిక్షం.

"నేను వస్తలేను. పాలమూరు వోతున్న, మందు తెచ్చుకోను. ఈ నాలుగు నెల్లు ఈదవ్వ కాడనే ఉంట."

"దిమాక్ ఖరాబైందా? నయమైంది గదనే!"

"గొర్రెకు బాగలేదని నీకు ఐదొద్దులల్ల ఎర్కైంది. నాకు బాగలేదని ఏడాదిన్నరైనా ఎర్కగాలే. ఇప్పుడు నయమైందని మాత్రం ఎట్ల ఎర్కైంది? ఇగ నన్ను జూసుకునే పని నీకొద్దు. నేనే జూసుకుంట."

గుర్వమ్మ అడ్డం వచ్చింది. "నలుగుర్ల నవ్వులపాలు జేస్తవానే? కోడలు తియ్యని తడక ఎవలు తియ్యాలె? నీ చెయ్యి లచ్చిమి చెయ్యి, అది తాకకుంటె మంద కదుల్తదా?"

లచ్చిమి చెయ్యి. పదేళ్ళలో ఆ మాట ఈరోజే వినిపించింది. జానమ్మ తన చేతుల వంక ఒకసారి చూసుకుంది. "చూద్దాం తీ అత్తా" అని, పాలమూరు బాట పట్టింది.

వెనక తిట్లు, శాపనార్థాలు, నూట ఇరవై గొర్రెల అరుపులు. సోమి తిరిగి తిరిగి చూస్తోంది, జానమ్మ చూడలేదు. ఫర్లాంగు దూరం పోయాక తడక కిర్రుమంది, ఆ వెంటనే గిట్టల చప్పుడు. ఆమె చెయ్యి లేనిదే కదలదన్న మంద నిక్షేపంగా కదిలింది.